నాలుగు మూలల చుక్కలు

మా పక్క షాపాయన్ని అందరూ చుక్కలాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు. పాత కంప్యూటర్లకి కొత్త పల్చటి తెరలు అమర్చడం ఆయన పని. ఊరికే తగిలించడమైతే ఎవరైనా తగిలిస్తారు. తీగ దూర్చి రెండు మరలు బిగిస్తే బొమ్మ వస్తుంది. కాకపోతే మసగ్గా వస్తుంది, ఒక పక్కకి జారిపోయి వస్తుంది, అక్షరాలు తడిసిన కాగితం మీద సిరాలా పాకుతాయి. "కనపడుతోంది కదండీ, చాల్లెండి" అంటాడు తెచ్చినవాడు. "కనపడ్డం వేరు, సరిగ్గా కనపడ్డం వేరు" అంటాడు ఈయన. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే నేను పాతికేళ్ళుగా చెబుతున్నదీ ఆ మాటే. నా మాట మాత్రం ఎవరూ వినరు, నంబరు పెరిగిందంటే నేనే పెంచినట్టు పోట్లాటకి దిగుతారు.

మా రెండు షాపుల మధ్య ఉన్నది చెక్క గోడ. అటు తుమ్మితే ఇటు వినపడుతుంది. ఆయన గదిలో కూర్చోవడానికి ఒక స్టూలు, నిలబడటానికి ఒక మనిషి పట్టేంత చోటు, మిగిలినదంతా టీవీ డబ్బాల్లాంటి పాత గాజు తెరలే. అద్దాలొచ్చే అట్టపెట్టెలు నేను పారేయకుండా ఆయనకిస్తాను. వాటి లోపలి వైపు పెన్సిల్‌తో లెక్కలు రాసుకుంటాడు. ఏ కంప్యూటరు ఒక గీతలో ఎన్ని చుక్కలు పంపుతుంది, కనపడేవెన్ని, కనపడకుండా అంచుల్లో పోయేవెన్ని. అదీ ఆయన సంపాదన, ఆస్తి అన్నీ.

ఒకసారి నాకు కుదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. పాత కంప్యూటరు బొమ్మని గీతలు గీతలుగా పంపుతుందట. ఎక్కడ ఒక చుక్క అయిపోయి ఇంకోటి మొదలైందో చెప్పదట. గాజు తెరకి ఆ గొడవ లేదు, వచ్చింది వచ్చినట్టు వెలిగించేస్తుంది. పల్చటి తెరలో మాత్రం ముందే గళ్ళు కట్టి ఉంటాయి. గీతలో చుక్కలెన్నో అది ఊహించుకోవాలి. ఒక్కటి తప్పు ఊహించిందా, చుక్కలన్నీ పక్క గళ్ళలోకి ఒరిగిపోయి బొమ్మంతా చారలు పడుతుంది.

"చుక్క ఎప్పుడూ నిండు గడిలో కూర్చోవాలి చెల్లెమ్మా. గడిన్నరలో కూర్చోమంటే నలిగిపోతుంది."

"మీ ఇంట్లో వదిన గురించి ఇంత ఆలోచించారా ఎప్పుడైనా అన్నయ్యా?" అన్నాను.

"ఆవిడ లెక్క నాకు తెగదమ్మా" అన్నాడు సీరియస్‌గానే.

నోట్లో నాలుక లేని మనిషి. పని విషయంలో మాత్రం మొండివాడు. బాగు చేసిన తెరని కస్టమరు తన కళ్ళతో చూసి, తన పనంతా ఒకసారి దాని మీద చేసి చూసుకునేదాకా బయటికి పంపడు. ఆ మొండితనమే ఆయన కొంప ముంచింది.

పోయినేడు ఒక బట్టల మిల్లు మేనేజరు మా వరండాలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వాళ్ళ మిల్లులో డిజైన్లు గీసే పెద్దావిడ ఉంది, ముప్పై ఏళ్ళ నాటి కంప్యూటరు మీద గీస్తుంది. దాని గాజు తెర మసకబారి పోయింది. కొత్త తెర పెడితే ఏ పోగు ఎక్కడుందో ఆవిడకి తెలియడం లేదు.

"ఆవిడ కళ్ళు మాకు ముఖ్యమండీ. మా మిల్లుకి కళ్ళే ఆవిడ. ఎలాగైనా మీరే కాపాడాలి" అన్నాడు.

ఆ మాటకి మా అన్నయ్య కరిగి నీరైపోయాడు. చెక్క గోడ ఇవతల నేనూ కరిగాను. ఉద్యోగుల కళ్ళ గురించి బెంగపడే మేనేజరుని అంతవరకు నేను చూడలేదు మరి.

మర్నాటి నుంచి అన్నయ్య మధ్యాహ్నాలు మిల్లుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. సాయంత్రం వచ్చి నాకు కథలు కథలుగా చెప్పేవాడు. ఆ తెర మీద ఒక చుక్క అంటే మగ్గం మీద ఒక పోగు. చుక్క పక్కకి ఒరిగితే గుడ్డ తప్పుతుంది. డిజైనరమ్మ ముప్పయ్యొక్క ఏళ్ళలో గీసినవి మూడొందల పన్నెండు డిజైన్లు. కర్టెన్లు, దుప్పట్లు, టేబులు గుడ్డలు, ఆ మిల్లు అమ్మేదంతా ఆవిడ గీసిందే. అవన్నీ ఆ పాత డబ్బాలోనే ఉన్నాయి. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందులోవి ఇంకో కంప్యూటరు చదవలేదు. ఆ డబ్బాలోంచి ఒకే ఒక్క దారి, మగ్గానికి తగిలించే అట్టలకి డిజైను ప్రకారం చిల్లులు పొడిచే యంత్రానికి.

"ఎంతమంది వచ్చి తల గోక్కుని పోయారో తమ్ముడూ" అందట ఆవిడ. "ఒక్కటి కూడా బయటికి తీయలేకపోయారు. అవి బయటికి రానన్నాళ్ళూ నేనూ బయటికి పోను. ఈ గదిలో నాకున్న బలమంతా అదే."

"నేను తెర వరకే అక్కా. లోపలున్న వాటి జోలికి పోను. నా మాట నమ్మండి" అన్నాడట ఈయన.

ఆవిడ నమ్మింది. ఈ కథలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆ నమ్మకం దగ్గరే మొదలైంది కాబట్టి ముందే చెబుతున్నాను.

వెడల్పు తెర పెడితే ఆవిడ చదరాలు సాగిపోయి ఇటుకల్లా కనపడ్డాయి. అందుకని గాలించి గాలించి పాతకాలపు చదరపు వాటం పల్చటి తెర ఒకటి పట్టుకొచ్చాడు. దాని మీద ఒక్కో చుక్క అడ్డంగా రెండు గళ్ళు, నిలువుగా రెండు గళ్ళు నిండుగా పట్టేలా మధ్యలో ఒక పెట్టె తయారుచేశాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. తెర తనంతట తాను బొమ్మ అంచులు వెతుక్కుంటుంది. డిజైన్ల అంచులేమో చాలావరకు నల్లగా ఖాళీగా ఉంటాయి. అంచు దొరక్క అది బొమ్మని ఎటో లాగేస్తుంది. దానికి మా అన్నయ్య కనిపెట్టిన ఉపాయం సులువైనది. డిజైను తెరిచినప్పుడు నాలుగు మూలల్లో నాలుగు తెల్ల చుక్కలు పెట్టమన్నాడు ఆవిడని. తెర వాటిని పట్టుకుని కుదురుకుంటుంది. చూడటం అయ్యాక భద్రపరచకుండా మూసేస్తే సరి, లోపలి డిజైనుకి మచ్చ పడదు.

"నా గుడ్డ మీద నీ బొట్టా తమ్ముడూ?" అని నవ్విందట.

"పరీక్ష అయిపోయేదాకేనక్కా."

నన్ను కూడా ఒకరోజు తీసుకెళ్ళాడు. ఆవిడ కుర్చీ నుంచి తెరకి టేపుతో దూరం కొలిచి, ఆ దూరానికి సరిగ్గా కుదిరే కళ్ళజోడు చేయమన్నాడు. సన్నటి గది, ఒక కిటికీ, గోడకి ఆనించిన బీరువా నిండా ఆవిడ గళ్ళ నోటు పుస్తకాలు. ఆవిడ నన్ను చూసి "ఈయనకి చెల్లెలివా? ఓపిక గల కుటుంబమే" అంది. కొత్త జోడు పెట్టుకుని తెర వైపు చూసింది. తర్వాత తెరకి దగ్గరగా వేలు పెట్టి, తగలకుండా, ఒక తీగ వెంట ఆకు ఆకునా నడిపించింది. "ఇది నేను ఇలాగే గీశాను. ఇన్నాళ్ళూ ఆ గాజు మీద కూడా ఇంత బాగా చూడలేదు" అంది. అన్నయ్య మొహం వెలిగిపోయింది. నాకైతే కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు.

అప్పుడే చూశాను, పెట్టె వెనక నుంచి ఇంకో తీగ బయలుదేరి గోడలో చిల్లులోంచి పక్క గదిలోకి పోతోంది.

"అదెక్కడికి?" అన్నాను.

"మేనేజరు సారు గదికి. కొనేవాళ్ళు వస్తే అక్కని లేపకుండా అక్కడే చూపించుకుంటారట. అడిగారని రెండో తీగ కూడా లాగాను" అన్నాడు.

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. నేను! అద్దం మీద వెంట్రుకవాసి గీత ఉంటే పట్టుకునే నేను.

ఆ తర్వాత ఆయన మొండితనం మొదలైంది. నాలుగు డిజైన్లు చూసి బాగుందంటే ఒప్పుకోడు. ఒత్తుగా ఉన్న డిజైను మీద కనపడే లోపం పల్చటి దాని మీద కనపడదట. అన్నీ తెరవాలి, ఒక్కోటీ నిండుగా, కదలకుండా తెర మీద నిలపాలి, మూల నుంచి మూలకి చూడాలి. మేనేజరు మధ్య మధ్యలో తొంగి చూసి, "అన్నీ చూడండి, తొందరేం లేదు. ఒక్కటి కూడా వదలొద్దు" అనేవాడట. ఎవరూ అలా అనరు ఈయనతో. అందరూ తొందరపెట్టేవాళ్ళే. జన్మలో మొదటిసారి తన పని విలువ తెలిసిన పెద్దమనిషి దొరికాడని మురిసిపోయాడు. ఏడు వారాలు కూర్చుని ఆవిడా ఈయనా మూడొందల పన్నెండు డిజైన్లూ తెరిచారు. ఒక్కోదానికి నాలుగు చుక్కలు పెట్టడం, చూడటం, భద్రపరచకుండా మూయడం. పని ముగిసిన రోజు ఆవిడ తన నోటు పుస్తకంలోంచి ఒక గళ్ళ కాగితం చింపి, తన చేత్తో గీసిన చిన్న ఆకు ఇచ్చింది. అది ఇప్పటికీ ఆయన షాపులో లెక్కల అట్టల పక్కన అతికించి ఉంది.

మూడు నెలలు గడిచాయి. కళ్ళు పరీక్ష చేసే గదికి నేను కొత్త కర్టెను కొన్నాను. లేతాకుపచ్చ మీద తెల్ల తీగలు. ఉతకబోతూ చూస్తే ప్రతి జానెడుకీ ఒకచోట, తీగలకి ఏ సంబంధం లేకుండా, చిన్న తెల్ల మచ్చ. నేత తప్పేమో అని నా భూతద్దం తీశాను. మచ్చ కాదు. నాలుగు చుక్కలు, పక్కపక్కన రెండు, వాటి కింద రెండు.

"అన్నయ్యా, మీ జబ్బు నాకూ అంటుకుంది. గుడ్డలో చుక్కలు లెక్కపెడుతున్నా. రండి, చూద్దురుగాని" అని కేకేశాను సరదాగా.

నవ్వుతూ వచ్చాడు. భూతద్దం పెట్టి చూశాడు. గుడ్డ జరిపి ఇంకోచోట చూశాడు. మరోచోట. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు గానీ తల ఎత్తేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డిజైను పక్కన అదే డిజైను, కింద మళ్ళీ అదే. నాలుగు మూలలు కలిసే చోటు ఇది" అన్నాడు. "ఇవి లోపల లేవు చెల్లెమ్మా. అక్క ఒక్కసారి కూడా భద్రపరచలేదు, నేను పక్కనే ఉన్నా. ఇవి తీగలోంచి మాత్రమే పోతాయి."

"ఏ తీగ?"

మచ్చ ఉన్న చోట కర్టెను ముక్క ఒకటి కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. నాకూ సమాధానం అక్కర్లేకపోయింది.

షాపులు రెండూ మూసి మిల్లుకి వెళ్ళాం. ఆవిడ గదిలో కుర్చీ లేదు. పాత కంప్యూటరు లేదు. బీరువా తలుపులు తీసి ఉన్నాయి, నోటు పుస్తకాలు లేవు. గోడలో చిల్లు మాత్రం ఉంది. పక్క గదిలో కొత్త కంప్యూటర్ల ముందు ఇద్దరు కొత్త డిజైనర్లు కూర్చుని ఉన్నారు. తెర మీద తీగలు, ఆకులు. ఆవిడ వేలు పెట్టి చూపించిన ఆకులే.

మేనేజరు లేచి ఎదురొచ్చాడు. తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకున్నాను, ఏమీ లేదు.

"రండి రండి! మీకే కబురు పెడదామనుకుంటున్నా."

"అక్క ఏరండీ?" అన్నాడు అన్నయ్య.

"విశ్రాంతి ఇచ్చాం. వయసైపోయింది కదా పాపం. మర్యాదగానే పంపించాం."

"డిజైన్లు?"

"అన్నీ ఉన్నాయండీ, మీ పుణ్యమా అని! ఎంతమంది వచ్చినా తీయలేకపోయారు. మీరు బొమ్మ అంత శుభ్రంగా నిలబెట్టబట్టి ఇవతల మా కంప్యూటర్లోకి చుక్కకి చుక్క దిగిపోయింది. ఒక్కటి కూడా పోలేదు."

"ఆ తీగ చూసుకోవడానికన్నారు సార్ మీరు."

"చూసుకున్నాం కదా" అన్నాడు అదే మెత్తటి గొంతుతో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నమ్మించి గొంతు కోసి పుణ్యమంటారేంటండీ? సిగ్గుండాలి!" అని అరిచాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. మిల్లు డబ్బాలో మిల్లు డిజైన్లు, ఇందులో ఎవరి గొంతు కోశామమ్మా అన్నాడు. పళ్ళెంలో పెట్టి ఇచ్చినవాడు తనే అని అన్నయ్యకి అప్పుడే పూర్తిగా అర్థమైంది. తెర బాగు చేయడానికి పిలవలేదు ఆయన్ని. ఆవిడ తలుపు తాళం తీయడానికి పిలిచారు. తీసినంతసేపూ పక్కన కూర్చుని ఆవిడ నవ్వింది.

వెళ్ళిపోబోతుంటే మేనేజరు ఆపాడు.

"అన్నట్టు ఒక్క మాట. ఆ మూలల్లో చుక్కలు ఆవిడ డిజైనులోవేనా, మధ్యలో వచ్చినవా? మావాళ్ళు తేల్చుకోలేకపోతున్నారు. తీసేస్తే ఏమైనా పాడవుతుందేమోనని అలాగే ఉంచేశాం. షాపులవాళ్ళు కూడా బాగుందంటున్నారు లెండి."

గుడ్డలో ఏది డిజైనో ఏది కాదో తెలిసిన ఒక్క మనిషినీ పంపేసి, ఇప్పుడు ఈయన్ని అడుగుతున్నారు. అన్నయ్య ఆ తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. చుక్క విషయంలో ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఆవిడవే" అన్నాడు. "తీయకండి. తీస్తే డిజైను చెడుతుంది."

బస్సులో దారంతా నా పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. "నన్ను వాడుకున్నారు చెల్లెమ్మా. పనివాణ్ణి కాదు, పనిముట్టుని చేశారు" అన్నాడు. కాసేపాగి, "ఆ చుక్కలైనా ఉండనీ. మిల్లు ఎంత గుడ్డ నేస్తే అంత గుడ్డ మీదా అక్క గుర్తు ఉంటుంది. అక్కతో చెబుతాను. కొంచెమైనా ఊరట కదా" అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించింది. ఇద్దరం ఇద్దరమే.

అట్నుంచి అటే ఆవిడ ఇంటికి వెళ్ళాం. మేడ మీద రెండు గదులు. తలుపు తీసి, నన్ను చూసి లోపలికి రమ్మంది. ఆయన వెనకే వచ్చాడు. ఎవరూ కూర్చోమనలేదు కాబట్టి గుమ్మం పక్కన నిలబడ్డాడు. నిలబడే అంతా చెప్పాడు. రెండో తీగ, ఏడు వారాలు, కర్టెను. తనకి తెలియదని ఒక్కసారి కూడా అనలేదు. నేనే అన్నాను.

"నాకు తెలుసమ్మా" అంది ఆవిడ. "అమ్ముకునే మనిషి కాదు. అమ్ముకుని ఉంటే బాగుండేది, నోరారా తిట్టుకునేదాన్ని. మూడు నెలల నుంచి ఎవర్ని తిట్టాలో తెలియక చస్తున్నాను. ఒక్కోటీ నా చేత్తోనే తెరిచి చూపించాను కదా."

అప్పుడు అన్నయ్య చుక్కల సంగతి చెప్పాడు. మేనేజరు అడిగినదీ, తను చెప్పిందీ. "మీ సంతకంలా ఉంటాయక్కా, ఎప్పటికీ తీయరు" అన్నాడు.

ఆయన తెచ్చిన కర్టెను ముక్క ఆవిడ చేతిలోకి తీసుకుంది. వేలితో తడిమింది. చుక్క దగ్గర వేలు ఆగింది.

"ముప్పయ్యొక్క ఏళ్ళు తమ్ముడూ. ఒక్క పోగు అదనంగా వేసి ఎరగను. ఇప్పుడు ఊళ్ళో ఏ కిటికీ చూసినా నా గుడ్డలో నీ చుక్కలు" అంది. "అడిగారన్నావుగా. తీసేయమని ఎందుకు చెప్పలేదు?"

ఆయన తలుపు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ కళ్ళతో చూసి గానీ తెర బయటికి పంపని మనిషి, ఆ ఒక్కసారి ఆవిడ కళ్ళతో చూడలేదు.

ఆవిడ లేచి అలమరలోంచి కళ్ళజోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చేసినదే, ఆయన టేపుతో కొలిచి చెప్పిన దూరానికి.

"ఇది మార్చిపెట్టమ్మా. ఆ దూరంలో నేను చూసేదింకేం లేదు."

"ఎంత దూరానికి మార్చమంటారు?" అన్నాను.

"చేతిలో ఉన్నది కనపడితే చాలు" అంది. ఆయన వైపు చూడలేదు.